రిమోట్ సర్వర్ కనెక్షన్ల హద్దు: రీట్రై, లాక్, పూల్, క్యూలలో ఎవరికి ఏది?

మీ వెబ్ స్క్రిప్ట్ ప్రతి రిక్వెస్ట్‌కీ బయట ఉన్న మరో సర్వర్‌తో మాట్లాడాలి. అది ఎఫ్‌టీపీ కావచ్చు, మెయిల్ సర్వర్ కావచ్చు, వేరే మెషీన్ మీదున్న డేటాబేస్ కావచ్చు, ఇంకెవరిదో ఏపీఐ కావచ్చు. టెస్టింగ్‌లో వాడేది మీరొక్కరే కాబట్టి ఏ ఇబ్బందీ కనపడదు. జనం వచ్చాక అదే స్క్రిప్ట్ ఒకేసారి ముప్పై కాపీలుగా నడుస్తుంది. అవతలి సర్వర్ మాత్రం ఐదు కనెక్షన్లకు మించి ఒప్పుకోదు. ఆరో మనిషికి ఎర్రర్ పేజీ.

దీనికి ఎవరిని అడిగినా ముందు చెప్పేది "కాసేపు ఆగి మళ్లీ ట్రై చెయ్" అనే. అది పైపూత మాత్రమే. కొందరికి అదే సరిపోతుంది, చాలామందికి సరిపోదు. మీరు ఏ రకమో తేలాలంటే కొన్ని ప్రశ్నలకు ముందే జవాబు ఉండాలి.

## ముందు తేల్చుకోవాల్సినవి

హద్దు ఎవరు పెట్టారు, దేని మీద పెట్టారు? ఎర్రర్ నంబర్ చదవకుండా పరిష్కారం వెతకొద్దు. మైఎస్‌క్యూఎల్‌లో 1040 వస్తే మొత్తం సర్వరే నిండిపోయిందని అర్థం. అక్కడ డిఫాల్ట్ 151 కనెక్షన్లు, పైన అడ్మిన్ కోసం ఒకటి అదనం. అదే 1203 గానీ 1226 గానీ వస్తే మీ యూజర్ ఖాతాకి పెట్టిన హద్దు తగిలిందన్నమాట. సర్వర్ ఖాళీగానే ఉండొచ్చు. పోస్ట్‌గ్రెస్‌లో డిఫాల్ట్ 100, అందులో మూడు సూపర్‌యూజర్ కోసం పక్కన పెట్టేస్తారు. అంటే మీకు మిగిలేది 97. ఎఫ్‌టీపీ సర్వర్లు నిండితే సాధారణంగా 421 అంటాయి. డవ్‌కాట్ మెయిల్ సర్వర్ డిఫాల్ట్‌గా ఒక యూజర్‌కి ఒక ఐపీ నుంచి పది కనెక్షన్లు ఇస్తుంది. జీమెయిల్ ఐమ్యాప్‌లో ఒక ఖాతాకి పదిహేను.

ఎస్‌ఎఫ్‌టీపీకి, రిమోట్ లాగిన్‌కి ఎక్కువగా వాడే ఓపెన్ఎస్ఎస్‌హెచ్ సర్వర్‌ది ఇంకో రకం. లాగిన్ ఇంకా పూర్తవ్వని కనెక్షన్లు పది దాటితే, కొత్తగా వచ్చేవాటిలో 30 శాతాన్ని ఎడాపెడా తెంపేయడం మొదలుపెడుతుంది. నూరుకి చేరేసరికి అన్నిటినీ తిప్పి పంపుతుంది. "ఒక్కోసారి పనిచేస్తుంది, ఒక్కోసారి చేయదు" అని తల పట్టుకునే ఎస్‌ఎఫ్‌టీపీ స్క్రిప్టులకు చాలాసార్లు కారణం ఇదే. నెట్‌వర్క్‌ని అనుమానించి రోజులు పోగొట్టుకోవద్దు.

ఒకేసారి ఎన్ని అన్నదా, నిమిషానికి ఎన్ని అన్నదా? ఈ రెండూ వేర్వేరు. ఏపీఐ 429 ఇచ్చిందంటే ఎక్కువగా రిక్వెస్టుల వేగం మీద హద్దు తగిలినట్టు. అప్పుడు మీరు ఒక్క కనెక్షనే తెరిచినా, దానిలోంచి గబగబా పంపితే మళ్లీ 429 వస్తుంది. ఈ వ్యాసం మొదటి రకం గురించి. రెండోదానికి లాక్ పనికిరాదు, వేగం తగ్గించే లిమిటర్ కావాలి.

ఒక్కో కనెక్షన్ ఎంతసేపు తెరిచి ఉంటోంది? అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇది. క్యూయింగ్ లెక్కల్లో లిటిల్ సూత్రం అని ఒకటుంది. జాన్ లిటిల్ 1961లో దానికి నిరూపణ ఇచ్చాడు. మన పనికి తగ్గట్టు చెప్పుకుంటే: సెకనుకి వచ్చే పనులు ఇంటూ ఒక్కో పనికి పట్టే సమయం, అదే ఒకేసారి తెరిచి ఉండే కనెక్షన్ల సగటు. సెకనుకి 12 రిక్వెస్టులు వస్తూ ఒక్కోటి 0.4 సెకన్లు పట్టుకుంటే సగటున 4.8 కనెక్షన్లు. హద్దు 5 అయితే బొటాబొటి. అవతలి సర్వర్ ఏ కారణంతోనో మందగించి ఒక్కోటి 2 సెకన్లు తీసుకుందనుకోండి, మీ ట్రాఫిక్ ఒక్క రిక్వెస్ట్ కూడా పెరక్కుండానే లెక్క 24కి ఎగబాకుతుంది. "నిన్నటిదాకా బాగానే నడిచింది, మేమేం మార్చలేదు" అనే ఫిర్యాదు వెనక ఉండేది ఈ గుణకారమే.

యూజర్ అక్కడే కూర్చుని ఎదురుచూస్తున్నాడా? స్క్రీన్ మీద జవాబు అప్పటికప్పుడు చూపించాలా, లేక "పని మొదలైంది, అయ్యాక చెబుతాం" అనొచ్చా?

మీ స్క్రిప్ట్ ఒక్క మెషీన్ మీదే నడుస్తోందా? క్రాన్ పనులు (నిర్ణీత సమయాలకు వాటంతటవే నడిచేవి), అడ్మిన్ ప్యానెల్, లైవ్‌కి ముందు పరీక్షించే స్టేజింగ్ సర్వర్ అన్నీ అదే ఖాతా వాడుతుంటే వాటినీ కలపాలి.

మధ్యలో ప్రాసెస్ చచ్చిపోతే? పట్టుకున్న చోటు దానంతటదే ఖాళీ అవుతుందా, లేక ఎవరో వచ్చి తీయాలా?

## ఒక్క చూపులో

ఒక్కో మార్గం వివరం పట్టిక తర్వాత వస్తుంది.

| మార్గం | హద్దు దాటకుండా ఆపుతుందా | ఎన్ని మెషీన్లకు | ప్రాసెస్ చస్తే | యూజర్‌కి వెంటనే జవాబు | శ్రమ |
|---|---|---|---|---|---|
| రీట్రై | ఆపదు | ఎన్నైనా | సమస్య లేదు | ఆలస్యంగా, కొన్నిసార్లు రాదు | చాలా తక్కువ |
| పర్సిస్టెంట్ కనెక్షన్ | వర్కర్లను లెక్కపెడితేనే | ఎన్నైనా | కనెక్షన్ తెగుతుంది | వస్తుంది | తక్కువ |
| ఫైల్ లాక్ | ఆపుతుంది | ఒక్కటే | దానంతటదే విడుదల | వస్తుంది | తక్కువ |
| రెడిస్ లీజు | దాదాపుగా ఆపుతుంది | ఎన్నైనా | గడువు తీరాక విడుదల | వస్తుంది | మధ్యస్థం |
| క్యూ, వర్కర్లు | ఆపుతుంది | ఎన్నైనా | పని మళ్లీ క్యూలోకి | రాదు | ఎక్కువ |
| మధ్యలో పూలర్ | ఆపుతుంది | ఎన్నైనా | పూలర్ చూసుకుంటుంది | వస్తుంది | మధ్యస్థం |

పట్టికలో లేనిదొకటి ఉంది, దానికి ఖర్చు లేదు: కనెక్షన్‌ని ఆలస్యంగా తెరవడం, త్వరగా మూయడం. ఎన్నో స్క్రిప్టులు మొదటి లైన్‌లోనే కనెక్ట్ అయిపోయి, ఆ తర్వాత ఫారం చెక్ చేసి, టెంప్లేట్ తయారుచేసి, పేజీ మొత్తం పంపేశాక ప్రాసెస్ ముగిసినప్పుడు కనెక్షన్ వదులుతాయి. నిజంగా వాడుకున్నది 50 మిల్లీసెకన్లు, పట్టుకున్నది 600. ఇదొక్కటి సరిచేస్తే కొందరికి కింద చెప్పేవేవీ అక్కర్లేదు. టైమౌట్లు కూడా ఇక్కడే చూడండి. బయటి సర్వర్లతో మాట్లాడటానికి వాడే కర్ల్ లైబ్రరీలో కనెక్ట్ టైమౌట్ డిఫాల్ట్ 300 సెకన్లు, మొత్తం ట్రాన్స్‌ఫర్‌కి అసలు టైమౌటే ఉండదు. అలా వదిలేస్తే అవతలి సర్వర్ ఒకసారి బిగుసుకుపోతే చాలు, మీ చోట్లన్నీ ఐదు నిమిషాలో, ఇంకా ఎక్కువో గుంజుకుపోతాయి.

## రీట్రై

హద్దు ఎప్పుడో ఒకసారి తగులుతుంది, పని చిన్నది, రెండు సెకన్లు ఆలస్యమైనా కొంపలేం మునగవు అనుకుంటే రీట్రై చాలు. కానీ పద్ధతిగా చేయాలి. ప్రతిసారీ ఆగే సమయం రెట్టింపు చేయాలి, దానికి కొంత యాదృచ్ఛికత కలపాలి. లేదంటే ఒకేసారి దెబ్బతిన్న ఇరవై ప్రాసెస్‌లు సరిగ్గా ఒక సెకను తర్వాత ఒకేసారి మళ్లీ వచ్చి మీదపడతాయి. సర్వర్ "ఇన్ని సెకన్ల తర్వాత రా" అనే రీట్రై-ఆఫ్టర్ హెడర్ ఇస్తే దాన్నే పాటించండి. మూడు, నాలుగు ప్రయత్నాల తర్వాత వదిలేయాలి.

ఇంకో జాగ్రత్త. కనెక్షనే దొరకలేదంటే మళ్లీ ప్రయత్నించడంలో ప్రమాదం లేదు. కనెక్ట్ అయ్యి, డేటా పంపాక టైమౌట్ అయితే మాత్రం అవతల పని జరిగిందో లేదో మీకు తెలీదు. పేమెంట్, ఆర్డర్ లాంటివి గుడ్డిగా రీట్రై చేస్తే రెండుసార్లు పడతాయి.

నా అభిప్రాయం: రీట్రై ఒక్కటే పెట్టుకోవడం అంటే హద్దుని నిర్వహించడం కాదు, తగిలిన దెబ్బకి ఓర్చుకోవడం. మిగతా ఏ మార్గం ఎంచుకున్నా దాని కింద ఒక చిన్న రీట్రై ఉండాలి. అంతకు మించి దానిమీద ఆధారపడొద్దు.

## కనెక్షన్‌ని మళ్లీ మళ్లీ వాడుకోవడం

ప్రతిసారీ కొత్తగా కనెక్ట్ అవ్వడానికి బదులు తెరిచినదాన్నే (పర్సిస్టెంట్ కనెక్షన్) వాడుకుంటే హ్యాండ్‌షేక్ సమయం, అంటే మొదట్లో రెండువైపులా కుదుర్చుకునే సమయం, మిగులుతుంది. ఎస్ఎస్‌హెచ్, టీఎల్‌ఎస్ ఉన్నచోట ఆ తేడా బాగా తెలుస్తుంది. కానీ పీహెచ్‌పీ వాళ్లు ఇక్కడ తరచూ పొరబడతారు. ఎఫ్‌పీఎంలో (పీహెచ్‌పీని వర్కర్ ప్రాసెస్‌లుగా నడిపేది) పర్సిస్టెంట్ కనెక్షన్ అంటే అందరూ పంచుకునే పూల్ కాదు. ఒక్కో వర్కర్ ప్రాసెస్ తన కనెక్షన్‌ని తానే పట్టుకుని కూర్చుంటుంది, పని లేకపోయినా సరే. 50 మంది పిల్ల ప్రాసెస్‌లతో మూడు వెబ్ సర్వర్లు ఉంటే 150 కనెక్షన్లు. మైఎస్‌క్యూఎల్ డిఫాల్ట్ 151. మిగిలిన ఆ ఒక్కదానికోసం మీ క్రాన్, బ్యాకప్ స్క్రిప్ట్, అడ్మిన్ ప్యానెల్ కొట్టుకోవాలి. పైగా పనిలేని కనెక్షన్‌ని మైఎస్‌క్యూఎల్ డిఫాల్ట్‌గా 28,800 సెకన్లు, అంటే ఎనిమిది గంటలు తెంపదు. కాబట్టి హద్దు బిగుతుగా ఉన్నచోట పర్సిస్టెంట్ ఆన్ చేయడం కొన్నిసార్లు సమస్యని పెంచుతుంది.

పైథాన్‌లోనూ ఒక మెలిక ఉంది. రిక్వెస్ట్స్ లైబ్రరీలో పూల్ సైజు 10 అని రాసి ఉంటుంది కదా అని అది హద్దు అనుకోవద్దు. పూల్ నిండితే ఎదురుచూడమని విడిగా బ్లాక్ ఆప్షన్ ఆన్ చేయకపోతే, అది పదకొండో కనెక్షన్ కూడా తెరిచేస్తుంది, పని అయ్యాక దాన్ని పూల్‌లో ఉంచకుండా పారేస్తుంది, అంతే. నోడ్‌లో హెచ్‌టీటీపీ ఏజెంట్‌కి మ్యాక్స్ సాకెట్స్ డిఫాల్ట్ అనంతం. ఏఐఓహెచ్‌టీటీపీలో మొత్తం 100. ఈ భాషల్లో ఒక్కటే దీర్ఘకాలం నడిచే ప్రాసెస్ ఉంటే, ఆ ఒక్క అంకె మార్చడం లేదా ఒకేసారి ఇన్నే అని ఆపే సెమఫోర్ ఒకటి పెట్టడంతో పని అయిపోతుంది. ప్రాసెస్‌లు నాలుగు నడిపితే హద్దుని నాలుగుతో భాగించడం మరవకండి.

## ఒకే మెషీన్ అయితే ఫైల్ లాక్

చిన్న, మధ్యతరహా సైట్లకు నేను ముందు చెప్పేది ఇదే. అదనపు సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, షేర్డ్ హోస్టింగ్‌లో కూడా నడుస్తుంది.

హద్దు ఐదైతే ఐదు ఖాళీ ఫైళ్లు పెట్టండి. స్క్రిప్ట్ ఏదో ఒక ఫైల్‌తో మొదలుపెట్టి ఒక్కోదాని మీద ఎఫ్‌లాక్ (ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చే ఫైల్ లాక్) అడుగుతుంది, అదీ దొరక్కపోతే ఆగకుండా వెంటనే "లేదు" అని చెప్పే నాన్‌బ్లాకింగ్ పద్ధతిలో. దొరికితే కనెక్ట్ అవుతుంది. ఐదూ దొరక్కపోతే రెండొందల మిల్లీసెకన్లు ఆగి మళ్లీ చూస్తుంది. దీని అందమంతా ఒక్క విషయంలో ఉంది: ప్రాసెస్ ఎలా చచ్చినా ఆపరేటింగ్ సిస్టమ్ ఆ లాక్‌ని విడిపించేస్తుంది. డేటాబేస్‌లో "ఇప్పుడు నడుస్తున్నవి" అని ఒక కౌంటర్ పెట్టి ఒకటి కలిపి ఒకటి తీసేసే పద్ధతికి ఈ భద్రత లేదు. అందులో మధ్యలో చచ్చిన ప్రతి ప్రాసెస్ ఒక చోటుని శాశ్వతంగా మింగేస్తుంది. అలాంటి కౌంటర్ ఎక్కడైనా రాసి ఉంటే తీసేయండి.

చిన్న చిన్న విషయాలే ఇక్కడ దెబ్బతీస్తాయి:

- పీహెచ్‌పీలో ఫైల్ హ్యాండిల్‌ని ఫంక్షన్ లోపలి వేరియబుల్‌లో ఉంచి ఫంక్షన్ నుంచి బయటకొస్తే హ్యాండిల్ మూసుకుపోతుంది, లాక్ ఊడిపోతుంది. కోడ్ చూడటానికి సరిగ్గానే ఉంటుంది, ఆపడం మాత్రం జరగదు. హ్యాండిల్‌ని రిటర్న్ చేసి పనయ్యేదాకా పట్టుకోండి.
- లాక్ ఫైళ్లను టెంప్ డైరెక్టరీలో పెట్టొద్దు. లినక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ వెబ్ సర్వర్‌కి విడిగా ప్రైవేట్ టెంప్ ఇచ్చి ఉంటే, క్రాన్ నుంచి నడిచే స్క్రిప్ట్‌కి కనిపించేది వేరే డైరెక్టరీ. ఎవరి లాక్ వాళ్లదే.
- పనయ్యాక లాక్ ఫైల్‌ని డిలీట్ చేయొద్దు. పాత ఫైల్ మీద ఒకరు, అదే పేరుతో కొత్తగా పుట్టిన ఫైల్ మీద ఇంకొకరు లాక్ పట్టుకుని ఇద్దరూ లోపలికి వెళ్లిపోతారు.

ఇక ఎదురుచూసేవాళ్ల సంగతి. ఇది ఫైల్ లాక్‌కే కాదు, వెబ్ రిక్వెస్ట్ లోపల ఆగే ఏ పద్ధతికైనా వర్తిస్తుంది. ఎఫ్‌పీఎంలో 20 వర్కర్లున్నాయి, రిమోట్ హద్దు 5. రిమోట్ మందగించింది. ఐదుగురు లోపల, పదిహేను మంది లాక్ కోసం బయట. ఇప్పుడు మీ "మా గురించి" పేజీ కూడా తెరుచుకోదు, ఎందుకంటే దాన్ని ఇవ్వడానికి వర్కరే లేడు. పక్కవాడి సర్వర్ నెమ్మదిస్తే మీ సైట్ మొత్తం పడుకున్నట్టు. అందుకే ఎదురుచూపుకి రెండు, మూడు సెకన్ల గడువు పెట్టాలి, వీలైతే ఎదురుచూసేవాళ్ల సంఖ్యకి కూడా. గడువు దాటితే మర్యాదగా 503 (ఇప్పుడు కుదరదు అనే జవాబు) ఇచ్చి పంపేయడం మేలు. పీహెచ్‌పీ 30 సెకన్ల ఎగ్జిక్యూషన్ హద్దు మిమ్మల్ని కాపాడుతుందని అనుకోవద్దు. లినక్స్‌లో స్లీప్‌లో గడిచిన సమయం ఆ లెక్కలోకి రాదు. ఆగే ముందు సెషన్‌ని రాసి మూసేయండి. లేకపోతే అదే యూజర్ తెరిచిన మిగతా ట్యాబులన్నీ సెషన్ లాక్ దగ్గర ఇరుక్కుంటాయి.

## మెషీన్లు పెరిగితే రెడిస్ లీజు

వెబ్ సర్వర్లు రెండు అయ్యాయంటే ఫైల్ లాక్ సరిపోదు. హద్దుని చెరిసగం పంచుకోవచ్చు, కానీ ఒకవైపు ఖాళీగా ఉండి మరోవైపు కిటకిటలాడుతుంది. మెషీన్లు నెట్‌వర్క్ మీద పంచుకునే ఎన్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ మీద లాక్ ఫైళ్లు పెడదామనే ఆలోచన వద్దు, ఆ తలనొప్పి వేరు.

రెడిస్ అంటే డేటాని మెమరీలో ఉంచే సర్వర్, లీజు అంటే గడువు ఉన్న లాక్. అందరికీ కనిపించే రెడిస్‌లో ఒక సార్టెడ్ సెట్ (స్కోరు వరుసలో ఉండే జాబితా) పెట్టండి. చోటు కావలసిన ప్రతి ప్రాసెస్ తన ప్రత్యేక గుర్తుని, గడువు తీరే సమయాన్ని స్కోరుగా పెట్టి చేరుస్తుంది. చేరే ముందు గడువు తీరినవాటిని తీసేసి, మిగిలినవి లెక్కపెట్టి, హద్దు లోపల ఉంటేనే చేరాలి. ఈ మూడూ రెడిస్ ఒకే ముక్కగా నడిపే ఒక లువా స్క్రిప్ట్‌లో జరగాలి. విడివిడి కమాండ్లుగా పంపితే ఇద్దరు ఒకేసారి "నాలుగే ఉన్నాయి" అనుకుని దూరిపోతారు.

పట్టికలో "దాదాపుగా" అన్నది ఎందుకంటే, లీజు 30 సెకన్లయితే, పని 40 సెకన్లు పట్టిన రోజున మీ చోటు మరొకరికి వెళ్లిపోతుంది, మీరు ఇంకా లోపలే ఉంటారు. కాబట్టి కనెక్షన్ మొత్తం టైమౌట్ ఎప్పుడూ లీజు కన్నా తక్కువ ఉండాలి. లీజు మరీ పెద్దది పెడితే చచ్చిన ప్రాసెస్ చోటు అంతసేపూ వృథా. ఈ రెండిటి మధ్య అంకె మీ పని స్వభావాన్ని బట్టి ఉంటుంది.

## జవాబు తర్వాత ఇచ్చినా పర్లేదంటే క్యూ

రిపోర్ట్ తయారీ, ఫైల్ అప్‌లోడ్, మెయిల్ పంపడం, వేరే సిస్టమ్‌తో డేటా కలపడం, ఇవేవీ యూజర్ కళ్లముందే జరగక్కర్లేదు. వెబ్ స్క్రిప్ట్ పనిని క్యూలో రాసి వెంటనే పేజీ ఇచ్చేస్తుంది. వెనక రెండు వర్కర్లు పెడితే రెండే కనెక్షన్లు. లాక్ లేదు, లీజు లేదు. హద్దు అన్నది వర్కర్ల సంఖ్యగా మారిపోతుంది. పైగా ఒక వర్కర్ ఒక్కసారి కనెక్ట్ అయ్యి వందల పనులు చేసుకోవచ్చు. వేచి ఉండడం ఆమోదమైతే నా ఓటు దీనికే.

ప్రత్యేక క్యూ సాఫ్ట్‌వేర్ లేకపోయినా ఒక డేటాబేస్ టేబుల్ చాలు. పోస్ట్‌గ్రెస్ 9.5, మైఎస్‌క్యూఎల్ 8.0 నుంచి స్కిప్ లాక్డ్ (వేరొకరు లాక్ చేసిన వరుసల్ని దాటేయడం) ఉంది కాబట్టి ఇద్దరు వర్కర్లు ఒకే వరుసని తీసుకోరు. షేర్డ్ హోస్టింగ్‌లో నిమిషానికోసారి నడిచే క్రాన్‌తో కూడా గడుస్తుంది, కాకపోతే పాత క్రాన్ ఇంకా నడుస్తుండగా కొత్తది మొదలవకుండా ఒక ఫైల్ లాక్ పెట్టండి.

ఇబ్బందులూ ఉన్నాయి. "ఎంతవరకు వచ్చింది" అని చూపించే పేజీ రాయాలి. వర్కర్ చచ్చినా లేపే సూపర్‌వైజర్ కావాలి. ఎక్కువసేపు ఖాళీగా ఉన్న కనెక్షన్‌ని అవతలివాళ్లు తెంపేస్తారు కాబట్టి మళ్లీ కనెక్ట్ అయ్యే కోడ్ ఉండాలి. కొత్త వెర్షన్ డిప్లాయ్ చేసే ఆ కొద్ది నిమిషాలు పాత వర్కర్లు, కొత్త వర్కర్లు రెండూ బతికి ఉంటే కనెక్షన్లు రెట్టింపు. హద్దు ఐదైతే ఐదు వర్కర్లు పెట్టకపోవడానికి ఇదే కారణం.

## మధ్యలో పూలర్ పెట్టడం

రిమోట్ సర్వర్ డేటాబేస్ అయితే చక్రాన్ని మళ్లీ కనిపెట్టొద్దు. పోస్ట్‌గ్రెస్‌కి పీజీబౌన్సర్, మైఎస్‌క్యూఎల్‌కి ప్రాక్సీఎస్‌క్యూఎల్ ఉన్నాయి. వందల క్లయింట్లను తీసుకుని అసలు సర్వర్‌కి కొన్ని కనెక్షన్లే తెరుస్తాయి. ఒక ట్రాన్సాక్షన్ అయ్యేదాకే కనెక్షన్ ఇచ్చే పీజీబౌన్సర్ ట్రాన్సాక్షన్ మోడ్‌లో లాభం ఎక్కువ, కానీ సెషన్ మీద ఆధారపడేవి, అంటే లిజన్, సెషన్ అడ్వైజరీ లాక్ లాంటివి పనిచేయవు. ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్లు ఒకప్పుడు ఈ మోడ్‌లో పెద్ద గొడవ. 2023లో వచ్చిన 1.21 నుంచి ప్రోటోకాల్ స్థాయిలో సపోర్ట్ ఉంది. హెచ్‌టీటీపీ ఏపీఐ అయితే మధ్యలో నిలబడే హెచ్‌ఏప్రాక్సీలో సర్వర్‌కి మ్యాక్స్‌కాన్ (కనెక్షన్ల గరిష్ఠ సంఖ్య) పెడితే చాలు, మిగతావాటిని అది వరుసలో నిలబెట్టి, గడువు దాటితే 503 ఇస్తుంది. మీ కోడ్ ముట్టుకోనక్కర్లేదు.

ఎఫ్‌టీపీ, ఎస్‌ఎఫ్‌టీపీ వాళ్లకు ఈ సుఖం లేదు. లాగిన్ అయిన కనెక్షన్‌ని పదిమందికి పంచే మధ్యవర్తి అంత తేలిగ్గా దొరకదు. వాళ్లు క్యూకి వెళ్లడమే మంచిది.

## మీరు ఎవరు?

షేర్డ్ హోస్టింగ్, ఒక్క సైట్, ఎస్ఎస్‌హెచ్ కూడా లేదు: ఫైల్ లాక్, రెండు సెకన్ల గడువు, వచ్చిన జవాబుని కాసేపు దాచుకునే క్యాష్. అదే డేటా అందరికీ చూపిస్తుంటే క్యాష్ ఒక్కటే సమస్యలో చాలా భాగం మాయం చేస్తుంది. గడువు తీరిన క్షణాన అందరూ ఒకేసారి రిమోట్ మీదకి ఎగబడకుండా ఒక్కరే రిఫ్రెష్ చేసి, మిగతావాళ్లకు పాతదే చూపించేలా రాయండి.

రెండు, మూడు వెబ్ సర్వర్లు, యూజర్‌కి జవాబు వెంటనే కావాలి: డేటాబేస్ అయితే పూలర్, ఇతరత్రా అయితే రెడిస్ లీజు. రెడిస్ ఇప్పటికే లేకపోతే, దీనికోసమే తెచ్చిపెట్టే ముందు హెచ్‌ఏప్రాక్సీ సరిపోతుందేమో చూడండి.

సర్వర్‌లెస్ ఫంక్షన్లు: ట్రాఫిక్ పెరిగితే కాపీలు వందలకి వెళ్తాయి, ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. ప్రాసెస్ లోపలి పూల్‌కి ఇక్కడ అర్థం లేదు. ముందు ఫంక్షన్‌కి కన్‌కరెన్సీ హద్దు పెట్టండి, తర్వాత మధ్యలో పూలర్ గానీ క్యూ గానీ.

హద్దు పెంచమని అడగగలిగేవాళ్లు: అడగండి, తప్పులేదు. కానీ లిటిల్ లెక్క చేతిలో పెట్టుకుని అడగండి: సెకనుకి ఇన్ని, ఒక్కోటి ఇంతసేపు, రద్దీలో ఇన్ని కావాలి అని. ఆ డేటాబేస్ మీదే అయితే అంకె పెంచే ముందు మెమరీ చూడండి. పోస్ట్‌గ్రెస్‌లో ప్రతి కనెక్షన్ ఒక ప్రత్యేక ప్రాసెస్. 100ని 1000 చేస్తే ఎర్రర్ పోయి దాని బదులు మెషీనే నత్తనడక నడవొచ్చు.

ఏది ఎంచుకున్నా లైవ్‌లో పెట్టే ముందు ఒక పరీక్ష చేయండి. టెస్ట్ సెటప్‌లో హద్దుని రెండుకి తగ్గించి, ఇరవై రిక్వెస్టులు ఒకేసారి వదలండి. అవి నడుస్తుండగా లోపలున్న ఒక ప్రాసెస్‌ని కిల్ మైనస్ తొమ్మిదితో చంపేయండి. అవతలి సర్వర్‌లో తెరిచి ఉన్న కనెక్షన్లు ఎప్పుడైనా మూడు అయ్యాయా, చచ్చినవాడి చోటు ఎంతసేపటికి మరొకరికి దక్కింది, రిమోట్‌తో సంబంధం లేని పేజీ ఆ సమయంలో తెరుచుకుందా, ఈ మూడూ లాగ్‌లో చూడండి. మూడోది ఫెయిల్ అయితే ఎదురుచూపు గడువు ఇంకా తగ్గించాలి.